భోక్త నెరిగిన భోజనవిధి

ఆహారనియమములను ఉపదేశించువారికి మన దేశమున ఏనాడును కొదువ లేదు. రాత్రి భోజనము మానుమని యొకరు, తెల్లని అన్నమే సకల రోగములకు మూలమని యొకరు, నేతిని కొలత చూడక వాడుమని వేరొకరు, పచ్చికూరలే అమృతమని మరియొకరు బోధింతురు. ఆ బోధలకు ఎవరో యొకరి దేహమున ఫలించిన నిదర్శనములును ఉండును. అయినను, ఉగాదినాడు మొదలుపెట్టిన నియమము శ్రీరామనవమి పానకముతో ముగియుటయు, వేసవిలో తగ్గిన బరువు దసరానాటికి వడ్డీతో తిరిగి వచ్చుటయు ఇంటింట చూచుచున్న విషయమే. దీనికి మనోదౌర్బల్యమే కారణమని తేల్చివేయుట సులభము. కాని నిదానించి విచారించినచో, పెక్కు సందర్భములలో దోషము సంకల్పమునందు గాక, ఆ నియమము మరియొకరి దేహమునకు, మరియొకరి వంటింటికి, మరియొకరి దినచర్యకు ఏర్పడినదై యుండుటయందే కలదని తెలియును. తనకు తగిన ఆహారక్రమమును ఎవనికి వాడే కనుగొనవలెను. కనుగొనుటకు పద్ధతి కలదు. ఆ పద్ధతిని వివరించుటయే ఈ అధ్యాయపు పని.

ఉద్యోగరీత్యా కలకత్తాలో కాపురమున్న తెలుగువారిని దృష్టియందుంచుకొని దీనిని వ్రాయుచున్నాను. ఏలయన పుట్టిన ఊరి రుచి యొకవైపునకును, ఉన్న ఊరి రుచి యొకవైపునకును లాగుచుండగా, తమకేది సరిపడునో తేల్చుకొనవలసిన అగత్యము వారికి ప్రతిదినమును కలుగుచుండును.

రసాయనాచార్యుని నియమము

ఈ నగరముననే, దుర్బలమైన జీర్ణశక్తితో జీవితమంతయు నెట్టుకొనివచ్చి, దానికి లొంగక కార్యములు సాధించిన మహనీయుడొకడు ఉండెను. నేటి బంగ్లాదేశమునందలి ఖుల్నా ప్రాంతమున, రారూలి గ్రామమున 1861లో జన్మించిన ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్, కలకత్తా హేర్ పాఠశాలలో చదువుచుండగా 1874లో తీవ్రమైన జిగటవిరేచనముల పాలై, చదువు విడిచి స్వగ్రామమునకు పోవలసి వచ్చెను. వ్యాధి నెమ్మదించెను గాని జీర్ణశక్తి మరల పూర్వస్థితికి రాలేదు. అజీర్ణమును, నిద్రలేమియు చిరకాలము ఆయనను వెన్నంటియే యుండెను. అట్టి దేహముతోనే ఆయన ఎడింబరోలో డాక్టరు పట్టమును గడించి, 1889లో ప్రెసిడెన్సీ కళాశాలయందు అధ్యాపకుడై, 1896లో మెర్క్యురస్ నైట్రైట్‌ను కనుగొని, తాను చిన్నగా మొదలిడిన ఔషధశాలను 1901లో బెంగాల్ కెమికల్ సంస్థగా నిలువబెట్టి, 1916 తరువాత విజ్ఞాన కళాశాలలోనే ఒక గదిలో నివసించుచు, 1944లో ఎనుబది మూడవ యేట కన్నుమూసెను.

ఆయన భోజనము స్వల్పము, నిరాడంబరము. వేళ తప్పుట అరుదు. సాయంకాలము కాగానే పుస్తకములను, ప్రయోగశాలను విడిచి మైదానమునకు పోయి, మిత్రుల మధ్య చల్లగాలిలో గడపుట ఆయన నిత్యకృత్యము. ఖరీదైన బిస్కత్తులకంటె మన మరమరాలు, అటుకులు, కొబ్బరి మేలైన ఉపాహారమని ఆయన దేశీయులకు పదే పదే చెప్పుచుండెడివాడు. తేనీటి వ్యసనమును గూర్చి కటువుగానే హెచ్చరించెను. ఇది చదివి, రేపటినుండి నేనును ఆచార్యులవారివలె అల్పాహారినై యుందునని ఎవరైన శపథము పట్టినచో, వారు ఆయన జీవితమునుండి నేర్వవలసినదానిని నేర్వనట్లే. పదునాల్గవ యేటనే చెడిన కడుపునకు ఆయన చేసికొనిన ఏర్పాటది; పగలంతయు గిడ్డంగిలో బరువులెత్తు యువకునికి గాని, చంటిబిడ్డ తల్లికి గాని అది చాలదు. ఆయనయొద్ద నేర్వవలసినది పద్ధతి. తన దేహము దేనిని సహించును, దేనిని సహింపదు అనుదానిని ప్రయోగశాలలోని ద్రవ్యమును పరీక్షించినట్లు నిష్పక్షపాతముగా గమనించుట, గమనించినదానికి లోబడి యొక క్రమము నేర్పరచుకొనుట, ఆ క్రమమును గర్వకారణముగా గాక అలవాటుగా చేసికొనుట: ఈ మూడును ఆయన జీవితమున స్పష్టముగా గోచరించును.

శాస్త్రము చెప్పగలిగినంత

ఇరువదవ శతాబ్ది ఆరంభమున కలకత్తా వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రాచార్యుడైన డేవిడ్ మెకే, బెంగాలీల ఆహారమును పరిశోధించి, అందు మాంసకృత్తులు చాలమిచేతనే దేహదార్ఢ్యము తగ్గుచున్నదని వాదించెను. సరిగా ఆ కాలముననే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున రసెల్ చిటెండెన్, ఐరోపా పండితులు విధించిన మాంసకృత్తుల పరిమాణములో సగముతోనే మనుష్యుడు ఆరోగ్యముగా జీవింపగలడని 1904లో ప్రకటించియుండెను. ఇరువురును శాస్త్రజ్ఞులే, ఇరువురును ప్రయోగములు చేసినవారే. ఆ వివాదము క్రమముగా సడలి, నేడు మన దేశమున దేహపు బరువులో ప్రతి కిలోగ్రామునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునను నిర్ణయము అమలులో నున్నది. అనగా అరువది కిలోగ్రాముల బరువుగల వానికి సుమారు ఏబది గ్రాములు.

ఇట్టి నిర్ణయములను చేయు జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 2024లో అది ప్రకటించిన మార్గదర్శకముల ప్రకారము, రెండువేల కేలరీలు అవసరమైన వ్యక్తికి దినమునకు 250 గ్రాముల ధాన్యము, 85 గ్రాముల పప్పుదినుసులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు, 27 గ్రాముల నూనె తగిన పరిమాణములు. ఈ అంకెలను కొట్టివేయరాదు. వీనికి దాసులును కారాదు. వీనిని చదివిన తెలుగువాడు మొదట గ్రహింపవలసినది, ఆ 250 గ్రాములలో ఉదయపు ఇడ్లీయు, మధ్యాహ్నపు అన్నమును, రాత్రి చపాతీయు అన్నియు చేరియున్నవని. మన కంచములలో ఆ పరిమాణము మధ్యాహ్నమునకే దాదాపు పూర్తియగుచుండగా, కూరగాయలు 400 గ్రాములకు చాల దూరముగా నిలిచిపోవుచున్నవి. 2023లో వెలువడిన దేశవ్యాప్త సర్వేక్షణము ప్రకారము మన దేశమున మధుమేహ పీడితులు పదికోట్లకు పైబడియుండగా, ఈ అసమత్వమును తేలికగా తీసికొనరాదు.

అయినను అంకె చెప్పలేనిది యొకటి కలదు. చరకసంహిత విమానస్థానమున ఆహారమును నిర్ణయింపవలసిన ఎనిమిది విషయములు చెప్పబడినవి: ద్రవ్యస్వభావము, వండు విధానము, కలయిక, పరిమాణము, దేశము, కాలము, భుజించు నియమము, కట్టకడపట భుజించువాడు. ఏది తనకు అలవాటుచే సాత్మ్యమైనదో నిర్ణయించునది ఈ ఎనిమిదవదియే. తక్కిన ఏడింటిని గ్రంథములు చెప్పగలవు. ఎనిమిదవదానిని తెలిసికొనవలసినవాడు కంచము ముందు కూర్చున్నవాడే.

పరిశీలనము

కావున ఏ మార్పును చేయకముందు, రెండు వారములపాటు చిన్న పుస్తకమున తన భోజనమును వ్రాసికొనవలెను. ఎన్ని గంటలకు, ఏమి, ఎంత తింటిని. తినకముందు ఆకలి నిజముగా నుండెనా, లేక వేళ యైనదని తింటినా. తిన్న రెండు గంటలకు దేహము తేలికగా నుండెనా, మాంద్యము కలిగెనా. రాత్రి నిద్ర ఎట్లుండెను: ఈ నాలుగు విషయములు చాలును. ఈ దినములలో మంచిబిడ్డవలె తినవలెనని ప్రయత్నింపరాదు. కార్యాలయమునుండి వచ్చుచు దారిలో కొనిన, నూనెలో వేచిన తేలేభాజాను, అర్ధరాత్రి శీతలపేటిక తెరచి తిన్న రసగుల్లాను కూడ దాచక వ్రాయవలెను. పుస్తకము మనకొరకే గాని పరీక్షాధికారికొరకు కాదు.

పదునాలుగు దినముల పిమ్మట పుటలు తిరుగవేసినచో, మనము ఊహించుకొనినదానికిని, నిజముగా జరుగుచున్నదానికిని గల అంతరము బయటపడును. తాను మితముగా తినుచున్నానని నమ్మినవాడు మధ్యాహ్నము మితముగానే తిని, సాయంకాలము అయిదు గంటలకు కచోరీతో ఆ మితమును పూరించుకొనుచున్నట్లు కనుగొనవచ్చును. పాలు త్రాగిన ప్రతి ఉదయమును కడుపుబ్బరముతో గడచినట్లు మరియొకరికి తెలియవచ్చును. ప్రౌఢవయస్సున పాలలోని చక్కెర జీర్ణము కాకుండుట దక్షిణదేశమునను, తూర్పుదేశమునను సామాన్యము. అట్టివారికి పెరుగు, మజ్జిగ సరిపడును. అయితే బెంగాలు మిష్టి దొయి పెరుగే యైనను చక్కెర పాళ్లు అధికము. నిత్యసేవకు అంగళ్లలో పుల్లపెరుగుగా అమ్ము టక్ దొయి మేలు.

వ్యక్తి నెరుగుటతోబాటు ఇంటిని కూడ ఎరుగవలెను. గ్రాములు తూచు ఓపిక లేనివారు నెలసరి సరకుల పద్దును చూచినను చాలును. నలుగురు పెద్దలున్న సంసారమునకు, పైని చెప్పిన లెక్కన, నెలకు నూనె మూడున్నర లీటర్లు. దినమునకు అయిదు గ్రాముల వంతున ఉప్పు ఆరువందల గ్రాములు. పద్దులో నూనె ఆరు లీటర్లున్నచో, ఎవరి జిహ్వను నిందింపవలెనని వెదకనక్కరలేదు. వేపుళ్లు వారమునకు ఎన్నిమారులు అగుచున్నవో వంట చేయువారితో కూర్చుండి మాటలాడిన చాలును. ఊరగాయలోని ఉప్పు ఈ పద్దులో కనబడదనియు, అది అత్తవారింటినుండి జాడీలో వచ్చిన ఉప్పనియు మాత్రము మరువరాదు.

ఉన్న ఊరు నేర్పునది

ఆకుమడిలోని నారును పెకలించి పొలమున నాటినపుడు, మొదట కొన్నాళ్లు పసుపువారి, వేరుకొనిన పిమ్మట పచ్చబడును; ఊరు మారినవాని భోజనమును అంతియే. లేక్ మార్కెట్టులో కరివేపాకు, కొబ్బరికాయ, ఇడ్లీపిండి దొరకుచుండుటచే, మన వంటను యథాతథముగా ఇచట నిలుపుకొనవచ్చును. కాని ప్రతి వారమును దూరమునుండి తెచ్చుకొనవలసిన సరకులపై ఆధారపడిన ఆహారక్రమము, వర్షాకాలమున వీథులు జలమయమైననాడు బయటి తిండికి దారితీయును. నడచి పోగల దూరమున దొరకునదే క్రమమునకు పునాది కావలెను.

ఈ నగరపు సంతలు అందుకు ఉదారముగా సహకరించును. తోటకూర, బచ్చలి, తూటికూర, మునగకాడ, బీర, సొర, కాకర, చేమ, అరటిపువ్వు, అరటిదవ్వ: మన అమ్మమ్మలు వండిన కూరలన్నియు ఇచట వేరు పేర్లతో, చవుకగా, ప్రతి ఉదయమును గంపలలో ప్రత్యక్షమగును. బెంగాలీ గృహిణి మధ్యాహ్నభోజనమును శుక్తోతో ప్రారంభించును. కాకర, పచ్చి అరటి, మునగ, వంకాయ మొదలైనవానితో చేసిన ఆ చేదుకూర పిదప పప్పు, ఆ తరువాత చేప, చివర పచ్చడి, మిఠాయి వరుసగా వచ్చును. కూరను, పప్పును ముందు తిని, అన్నమును తరువాత తినినచో భోజనానంతరము రక్తమున చక్కెర పెరుగుట తగ్గునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. పప్పన్నముతో మొదలిడి పెరుగన్నముతో ముగించు మనవారు, వరుసను చెరుపకయే, మొదట ఒక గిన్నెడు కూరను వట్టిగా తినుట అలవరచుకొనవచ్చును. ఖర్చు లేని మార్పులలో ఇది శ్రేష్ఠము.

అట్లే ఇచట సామాన్యులు తిను సిద్ధ బియ్యము మన ఉప్పుడుబియ్యమే. వడ్లను నానబెట్టి ఆవిరిపై ఉడికించునపుడు తవుడులోని థయమిన్ అను జీవసత్త్వము గింజ లోపలికి ఇంకి, మరపట్టిన పిమ్మటను చాలవరకు నిలుచును. రుచి మొదట వింతగా తోచినను, వారమునకు రెండు పూటలు వండి చూడదగును. సాయంకాలపు ఆకలికి మరమరాలు ప్రసిద్ధము. కాని అవి వట్టిగా తినినచో శీఘ్రముగా జీర్ణించి మరల ఆకలి గొల్పును, మధుమేహులకు అంత హితమును కావు. వేరుసెనగలు, మొలకెత్తిన సెనగలు, దోసకాయ ముక్కలు సగపాలు కలిపినపుడే అవి నిజమైన ఉపాహారమగును. వీథుల మూలలందు బీహారు సోదరులు కలిపి యిచ్చు సత్తు పానీయము, వేయించిన సెనగపిండితో చేసినది, చక్కెర వేయక, ఉప్పు నిమ్మలతో పుచ్చుకొనినచో, శీతలపానీయముకంటె ఎన్నియో రెట్లు మేలు.

బయట తినక తప్పనివారికి కలకత్తా పాతకాలపు పైస్ హోటళ్లు గొప్ప శిక్షణాలయములు. అచట అన్నము, పప్పు, కూర, చేప, కడకు అరటియాకు, నిమ్మచెక్క కూడ వేర్వేరుగా వెలకట్టబడును. అడిగినదే వడ్డింతురు, వడ్డించినదానికే పుచ్చుకొందురు. ఏది ఎంత కావలెనో ప్రతిపూటయు నోరు తెరచి చెప్పవలసి వచ్చుటచే, అపరిమిత భోజనశాలలలో వలె ఇచ్చిన ధరకు న్యాయము చేకూర్పవలెనను దురాశ కలుగదు. డల్హౌసీ ప్రాంతమున పనిచేయువారికి డేకర్స్ లేన్‌లో దొరకు పలుచని స్ట్యూ, రొట్టె సయితము పులావుకంటె తేలికయైన మధ్యాహ్నాహారము.

పాదము పాదముగా

పరిశీలించి, దోషమును గుర్తించి, ప్రత్యామ్నాయము నేరుకొనిన పిమ్మట, ఒకేనాడు సర్వమును మార్పబూనుట సామాన్యముగా జరుగు పొరపాటు. చరకుడు అహితమైన అలవాటును నాలుగవ వంతు చొప్పున విడుచుచు, హితమైనదానిని అదే వంతున గ్రహించుచు, నడుమ కొంత వ్యవధి నిచ్చుచు పోవలెనని సూత్రస్థానమున విధించెను. నాలుగు గరిటెల అన్నము తినువాడు మొదట మూడు గరిటెలకు దిగి, ఆ ఖాళీని వెలితిగా నుంచక కూరతో పూరించి, దేహము దానికి సమ్మతించువరకు కొన్ని వారములు అచటనే నిలువవలెను. తేనీటిలో రెండు చెంచాల చక్కెర వేసికొనువాడు ఒకటిన్నరకు, పిదప ఒకటికి రావలెను. ఒక మాసమున ఒక మార్పుకంటె ఎక్కువ తలపెట్టకుండుట మంచిది. ఏలయన రెండు మార్పులు కలిసి చేసినపుడు మేలుచేసినది ఏదియో, కీడుచేసినది ఏదియో తెలియరాదు.

క్రమము పండుగలను కూడ తనలో ఇముడ్చుకొనవలెను. దుర్గాపూజవేళ షష్ఠి మొదలు దశమి వరకు వీథివీథినను పందిళ్లు వెలసి, భోగపు ఖిచుడీ పంచుచుండగా, నాకు నియమము కలదని ముఖము ముడుచుకొనువాడు నియమమును గాక బంధుత్వమును పోగొట్టుకొనును. విజయదశమి తరువాత ఇంటింట పెద్దలకు నమస్కరింపబోవునపుడు ప్రతియింటను మిఠాయిపళ్లెము సిద్ధము. అచట వాదమునకు తావులేదు. కాని చతురతకు తావు కలదు. "బౌదీ (వదినగారూ), మీ చేతి కొబ్బరిలడ్డు ఒకటి తృప్తిగా తింటిని, రెండవది మా అమ్మాయికి పొట్లము కట్టి ఇయ్యండి" అని యనినచో, ఇచ్చిన చేతికి గౌరవమును, కడుపునకు విశ్రాంతియు దక్కును. ఆ దినములలో రాత్రి భోజనమును పలుచని మజ్జిగతోను, కూరతోను సరిపెట్టుకొనిన చాలును. మరునాడు ప్రాయశ్చిత్తముగా ఉపవాసము చేయుట, ఆ మరునాడు అతిగా తినుటకు బీజము.

వైద్యుని ఆశ్రయింపవలసినవారు

మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు పూటను దాటవేసినను, అన్నమును హఠాత్తుగా తగ్గించినను రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారికి మాంసకృత్తులు, ఉప్పు, కొన్ని పండ్లు కూడ కొలత ప్రకారమే. గర్భిణులు, బాలింతలు, ఎదుగుచున్న బాలురు బరువు తగ్గించు నియమములను పట్టనేరాదు. వీరందరును వ్రాసిన పుస్తకమును వైద్యుని ముందుంచి, ఆయనతో కలిసి క్రమము నేర్పరచుకొనవలెను. నోటిమాటకంటె ఆ పుటలే వైద్యునికి ఎక్కువ తోడ్పడును.

సరిపడినదని తెలియు విధము

తూకపుయంత్రము ఒక సాక్షి మాత్రమే. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముచే భాగించినపుడు వచ్చు సంఖ్య మనవారికి 23కు లోబడియుండుట మంచిది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. కాని వీనితోబాటు మరికొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. భోజనపు వేళకు సహజముగా ఆకలి యగుచున్నదా? సాయంకాలము పని చేయుటకు ఓపిక మిగులుచున్నదా? ఇంటిల్లిపాది ఒకే వంట తినగలుగుచున్నారా, లేక నా యొక్కని కొరకు వేరే పొయ్యి వెలుగుచున్నదా? నెల చివరి వారమున కూడ ఈ సరకులు కొనగలనా? ఇంటికి చుట్టము వచ్చిననాడును, ప్రయాణపు రైలులోను ఇది కొంతవరకైన సాగునా? వీనిలో మూడింటికి లేదను సమాధానము వచ్చినచో, బరువు ఎంత తగ్గినను ఆ క్రమము నిలువదు. దానిని సడలించి మరల కూర్చుకొనవలెను.

వయస్సు, వృత్తి, ఋతువు మారినపుడు క్రమమును మారవలసినదే. వైశాఖ జ్యేష్ఠములలో ఈ నగరపు ఉక్కకు, బెంగాలీలు పాంతాభాత్ అని తిను చల్దియన్నము మజ్జిగతో హితము. కార్తికము దాటగానే పాలకూర, బఠాణీ, గోబీపువ్వు రాసులు పోయుదురు, ఖర్జూరపు బెల్లమును అప్పుడే వచ్చి మనస్సును పరీక్షించును. అందుచే సంవత్సరమునకు రెండుమారులు, ఎండకాలము మొదలగునపుడును, చలికాలము మొదలగునపుడును, ఒక వారము పుస్తకమును మరల తెరచి, పై ప్రశ్నలకు సమాధానములు వ్రాసి, పాత సమాధానములతో సరిచూచుకొనవలెను. ఆ వారమున తేలిన లోపములలో అతి చిన్నదానిని ఎన్నుకొని, దానిలోను నాలుగవ వంతుతో ప్రారంభింపుడు.